అబ్బా కార్బురేటర్, బగ్దాద్ కటోరా

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక నాలుగేళ్ల దాకా ఆయన ఇనప సందూక్ మేమెవరం తెరవలేదు. పోయిన రంజాన్‌కి ముందు ఇల్లు సర్దిస్తూ అమ్మీ తాళంచెవి నా చేతికిచ్చింది. లోపల పాత రేషన్ కార్డులు, ఇంటి కాగజాత్, నా ఏడో తరగతి ఉర్దూ మీడియం సర్టిఫికెట్, అన్నిటికీ అడుగున ఒక బిస్కెట్ డబ్బా. డబ్బాలో ఉర్దూ అఖ్బార్‌లో చుట్టి పెట్టిన బరువైన వస్తువు. విప్పితే కార్బురేటర్. ఒంటి మీద సోలెక్స్ అన్న అక్షరాలు. సందుల్లో పొరలుగా ఎండిపోయిన ఒండ్రుమట్టి.

ఆ మట్టి ఎక్కడిదో నాకు చూడగానే తెలిసింది. 2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగినప్పటిది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాతబస్తీలోకి వచ్చిన ఆ రోజు మా ప్రీమియర్ పద్మిని స్టీరింగ్ దాకా నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక మా ఉస్తాద్ ఇంజన్ విప్పి బతికించాడు. కానీ ఆ రోజుల్లో ఊరంతా మునిగిన బండ్లే. కార్బురేటర్‌తో కూర్చునే తీరిక ఎవరికుంది? బజార్లో దొరికిన డూప్లికేట్ ఒకటి తెచ్చి బిగించాడు. అబ్బా పాతదాన్ని పారేయలేదు. అలా అని బాగు చేయించనూ లేదు. అమానత్‌లాగా దాచిపెట్టాడు.

ఇప్పుడు ఆ డూప్లికేట్ కూడా ముసలిదైంది. పొద్దున చోక్ లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ వదిలేస్తే ఆగిపోతుంది. రెండో గేర్లో ఎక్సలేటర్ తొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాత ఎగిరి దూకుతుంది. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు రావడం కూడా గగనం. ఇంటి ముందు ఆపితే గల్లీ అంతా పెట్రోల్ వాసన. అమ్మేయమని తమ్ముడు అన్నాడు. నేను ఆ డబ్బా పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. అక్కడ గడిపిన నాలుగు శుక్రవారాలు నన్ను ఎక్కడెక్కడో తిప్పాయి. జర్మనీ, మద్రాస్, చివరికి అబ్బాసీల బగ్దాద్. తారీఖ్ అంటే బాద్‌షాలది, జంగ్‌లది మాత్రమే అని బళ్లో నేర్చుకున్న నాకు, అరచేతిలో పట్టే ఒక యంత్రానికి కూడా తారీఖ్ ఉంటుందని అక్కడే తెలిసింది. అందుకే ఈ వ్యాసం.

ముందు కార్బురేటర్ పని ఏమిటో చెప్పాలి. పెట్రోల్ పెట్రోల్‌గా ఇంజన్‌లో కాలదు. ఆవిరై గాలితో కలవాలి. అదీ లెక్క ప్రకారం. బరువులో ఒక వంతు పెట్రోల్‌కు దాదాపు 14.7 వంతుల గాలి. పెట్రోల్ ఎక్కువైతే ప్లగ్గులు నల్లబడతాయి, పొగ వస్తుంది. తక్కువైతే ఇంజన్ వేడెక్కుతుంది, మిస్సింగ్ కొడుతుంది. బండి ఆగి ఉన్నా, ఎత్తు ఎక్కుతున్నా, హైదరాబాద్ రోడ్డు మీద ఎనభైలో పోతున్నా ఆ హిసాబ్ తప్పకూడదు. కరెంటు లేకుండా, కంప్యూటర్ లేకుండా, కొన్ని రంధ్రాలు, ఒక సూది, ఒక తేలే బుడ్డితో ఈ పని చేయడానికి మనుషులకు చాలా ఏళ్లు పట్టింది.

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలో పెట్రోల్ ఒక పాత్రలో ఉండేది. దాని మీదుగా గాలి పోతూ ఆవిరిని తనతో తీసుకెళ్లేది. తడి బట్ట మీద గాలి వీస్తే ఆరినట్టు. ఎండ కాస్తే ఒక లెక్క, చలి వేస్తే ఇంకో లెక్క. 1888 ఆగస్టులో ఆయన బీవీ బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ఆ బండి నడుపుకుంటూ పుట్టింటికి వెళ్లింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొన్నది. పైపు మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. మోటార్ కారు తారీఖ్‌లో మొదటి రోడ్డు పక్క మెకానిక్ ఒక ఔరత్ అన్నమాట. ఈ సంగతి మన గ్యారేజీల్లో ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పి చూడండి.

ఆవిరి మీద ఆధారపడకుండా, పెట్రోల్‌ను సన్నని నాజిల్ నుంచి తుంపరగా చిమ్మితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన 1893లో రెండు చోట్ల ఫలించింది. బుడాపెస్ట్‌లో బాంకి, చోంకా అనే ఇద్దరు, జర్మనీలో డైమ్లర్ సహచరుడు మేబాక్. దీని వెనకాల ఉన్న ఉసూల్ ఇంకా పాతది. గొట్టం మధ్యలో సన్నబడితే అందులో పోయే ద్రవం వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. బెర్నూలీ 1738లో రాశాడు. ఇటలీ పండితుడు వెంచురీ 1797లో సన్నని నడుము గొట్టాలతో చేసి చూపాడు. కార్బురేటర్‌లో ఆ నడుమును ఇప్పటికీ వెంచురీ అనే అంటారు. ఇంజన్ గాలిని పీలుస్తుంది, గాలి నడుము దగ్గర పరుగెడుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గి, పక్కనున్న కటోరాలోంచి పెట్రోల్ జెట్ గుండా లాక్కురాబడుతుంది. ఎంత గాలో అంత పెట్రోల్. ఎంత సీదా!

కటోరా అనేది మా ఉస్తాద్ మాట. పుస్తకాల్లో ఫ్లోట్ చాంబర్ అంటారు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

20వ శతాబ్దం తొలి దశకాల్లో ఒక్కో దేశంలో ఒక్కో కార్బురేటర్ ఖాన్‌దాన్ పుట్టింది. ఇంగ్లండ్‌లో బూట్ల వ్యాపారుల కుటుంబం నుంచి వచ్చిన స్కిన్నర్ ఎస్‌యూ కార్బురేటర్ తయారు చేశాడు. అందులో వెంచురీ సైజు ఇంజన్ పీల్చేదాన్ని బట్టి తానే మారుతుంది. మొదట్లో దాని లోపల తోలు తిత్తి ఉండేదంటే బూట్ల వాళ్ల హునర్ ఎక్కడికి పోతుంది! ఫ్రాన్స్‌లో గూదార్, మెనెసాన్ అనే ఇద్దరు దోస్తులు మొదట రేడియేటర్లు చేసి, తర్వాత సోలెక్స్ కార్బురేటర్లలోకి దిగారు. 1923లో ఇటలీలోని బొలోన్యాలో ఎడోర్డో వెబర్ తన ఫ్యాక్టరీ పెట్టాడు. మన ఊళ్లలో తిరిగిన పాత కార్లన్నీ ఏదో విధంగా ఈ ఖాన్‌దాన్‌ల నీడలోనివే.

మన దేశానికి వచ్చేసరికి కథలో సర్కార్ ప్రవేశిస్తుంది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. బొంబాయి కుర్లాలో దాని ఫ్యాక్టరీ. 1950లలో ఢిల్లీ ఒక షరతు పెట్టింది. విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మితే కుదరదు, భాగాలు కూడా క్రమంగా ఇక్కడే తయారు చేయాలి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ అలా చేయలేమని వెళ్లిపోయాయి. ప్రీమియర్ మిగిలింది, ఫియట్ 1100 చేసింది. 1964 నుంచి వచ్చిన మోడలే పేర్లు మార్చుకుంటూ పోయి 1970లలో పద్మిని అయింది. చిత్తోడ్ రాణి పేరు. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, నలభై చిల్లర హార్స్ పవర్. దాదాపు 2000 దాకా అదే ఇంజన్.

ఇక్కడే తయారు చేయాలన్న షరతు కార్బురేటర్‌కు కూడా వర్తించింది. మద్రాస్‌లో కార్బురేటర్స్ లిమిటెడ్ సోలెక్స్ లైసెన్స్‌తో తయారీ మొదలుపెట్టింది. మా బిస్కెట్ డబ్బాలోది ఆ రకమే, 32 పీబీఐసీ. 32 అంటే కింద థ్రాటిల్ ఉన్న గొట్టం వ్యాసం, మిల్లీమీటర్లలో. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక ఇదే మద్రాస్ కంపెనీ జపాన్ మికునితో కలిసి యూకాల్ పెట్టి మారుతికి కార్బురేటర్లు ఇచ్చింది. ఆ మికుని కూడా జపాన్‌లో సోలెక్స్ లైసెన్స్ తీసుకున్నదే. పద్మినిని ఓడించిన మారుతి కార్బురేటర్, పద్మిని కార్బురేటర్ వరుసకు చచేరే భాయీలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొదటి శుక్రవారం ఉస్తాద్ గ్యారేజ్‌లో జుమా తర్వాత జరిగిన బహస్ దీని గురించే. ఏ కార్బురేటర్ పెట్టాలి?

ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. చేతులు కొంచెం వణుకుతున్నాయి. పని ఎక్కువగా షాగిర్ద్ చేస్తాడు. ఆ కుర్రాడి సలహా మారుతి డబుల్ బ్యారెల్ కార్బురేటర్. మధ్యలో ఒక ప్లేట్ చేయించి బిగిస్తే పికప్ బాగుంటుందన్నాడు. స్పేర్ పార్ట్స్ దుకాణం ఆయన సలహా ఇంకో కొత్త డూప్లికేట్. అంబాసిడర్ నడిపే నా దోస్త్ ఒకడు ఫోన్‌లో ఎస్‌యూ వెతకమన్నాడు. ఉస్తాద్ అందరి మాటా విని, చాయ్ తాగి, నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "బేటా, తుమారా ఇంజన్ కిత్నీ హవా పీతా?" నీ ఇంజన్ ఎంత గాలి తాగుతుంది?

నేను ఇంటికెళ్లి కాగితం మీద లెక్క వేశాను. 1089 సీసీ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన కడుపు నింపుకుంటుంది. నిమిషానికి 4500 చుట్లు తిరిగితే కాగితం మీద దాదాపు 2450 లీటర్ల గాలి. పూర్తిగా ఎప్పుడూ నిండదు కాబట్టి ఎనభై శాతం అనుకుంటే రెండు వేల లీటర్ల లోపు. ఊళ్లో మూడో గేర్లో 1500 చుట్ల మీద పోతుంటే అందులో మూడో వంతు కూడా ఉండదు. కార్బురేటర్ నోరు పెద్దదైతే అంత తక్కువ గాలి అందులో నెమ్మదిగా పోతుంది. నడుము దగ్గర వేగం లేకపోతే లాగుడు లేదు, లాగుడు లేకపోతే జెట్ నుంచి పెట్రోల్ సరిగా రాదు. పెద్ద కార్బురేటర్ అంటే పెద్ద తాకత్ కాదు. టాప్ స్పీడ్‌లో కొంచెం లాభం, ఊళ్లో రోజంతా నష్టం. మారుతిది 796 సీసీ ఇంజన్ కోసం జెట్లు, నడుము అన్నీ కొలిచి చేసినది. దాన్ని దీనికి పెట్టాలంటే జెట్లన్నీ మళ్లీ వెతకాలి. ఎస్‌యూ మంచిదే, కానీ దాని సూది మా ఇంజన్‌కు తగినది దొరకాలి, మ్యానిఫోల్డ్ మార్చాలి. కొత్త డూప్లికేట్ అయితే జెట్ మీద నంబర్ ఒకటి, రంధ్రం ఇంకొకటి ఉండొచ్చు. ఆ అనుభవం మాకు ఇప్పటికే అయింది.

రెండో శుక్రవారం నా లెక్క చూపిస్తే ఉస్తాద్ చదవలేదు. ఆయనకు చదువు రాదు. నేను చదివి వినిపించాను. "సహీ," అని బిస్కెట్ డబ్బా ముందుకు జరిపాడు.

ముందు కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టాం. పై మూత స్క్రూలు విప్పితే కటోరా నిండా గట్టిపడిన ఒండ్రు. పదిహేనేళ్ల కిందటి నది. షాగిర్ద్ దాన్ని చిన్న చెంచాతో తీస్తుంటే నాకు ఆ రాత్రి మిద్దె మీద అబ్బా దువా చదువుతూ నిలబడిన చోటు గుర్తొచ్చింది. పక్కన కాగితం పరిచి విప్పిన ప్రతి భాగాన్నీ వరుసగా పెట్టాం. మెయిన్ జెట్, పైలట్ జెట్, గాలి జెట్, పంప్ డయాఫ్రమ్, తేలే బుడ్డి, సూది. కుర్రాడు మూసుకుపోయిన జెట్‌లోకి క్లచ్ వైర్ తీగ దూర్చబోయాడు. ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నాడు. "నక్కో రే. పీతల్ నరమ్ రహతా." ఇత్తడి మెత్తన. తీగ గీసుకుంటే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా మైలేజ్ రాదు. సోలెక్స్ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లు. వంద వంతుల్లో కొలిచిన ఆ రంధ్రమే కదా మొత్తం హిసాబ్. పెట్రోల్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టి, అప్పటికీ రాకపోతే చేపల గాలం నైలాన్ దారం దూర్చి తీయాలి. బెర్తా బెంజ్ పిన్ను పొడిచింది పైపులో, జెట్‌లో కాదు. అంతవరకు బచాయించింది.

థ్రాటిల్ ఇరుసు పట్టుకుని ఊపితే అటూ ఇటూ ఆడింది. ఈ జాగాలోనే పాత కార్బురేటర్లు ఎక్కువగా మోసం చేస్తాయన్నాడు. ఇరుసు అరిగిన సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. స్లో నిలవదు. జనం స్లో స్క్రూ తిప్పుతూ ఉంటారు, జబ్బు ఇంకోచోట ఉంటుంది. లేత్ దగ్గర రంధ్రం సాఫ్ చేయించి ఇత్తడి బుష్‌లు కొట్టించాం. కింది ఫ్లాంజ్ వంగిందేమో చూడటానికి అద్దం ముక్క మీద ఎమరీ కాగితం పరిచి, దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దించాడు. మధ్యలో మెరవని చోటు ఉంటే అది పల్లం. మొత్తం ఒకేలా మెరిసేదాకా రుద్దాం.

తేలే బుడ్డిని వేడినీళ్లలో ముంచాడు. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, కంటికి కనపడని పగులు ఉన్నా బుడగలు వస్తాయి. ఒక అతుకు దగ్గర సన్నగా వచ్చాయి. టంకం పెట్టాలి, కానీ తక్కువ పెట్టాలి. ఎక్కువ పెడితే బుడ్డి బరువెక్కి లోతుగా మునుగుతుంది, కటోరాలో పెట్రోల్ మట్టం పెరుగుతుంది. కొత్త సూదిని నోటితో పీల్చి చూసి, నాలుకకు అతుక్కుని ఆగితే సీట్ బాగున్నట్టు. సూది కింద పెట్టే రాగి వాషర్ మందంతోనే మట్టం సెట్ అవుతుంది. మందం వాషర్ పెడితే సూది కిందికి దిగి, బుడ్డి తొందరగా మూస్తుంది, మట్టం తగ్గుతుంది.

ఆ మట్టం దగ్గర నేను ఆగిపోయాను. టాంక్‌లో పెట్రోల్ నిండుగా ఉన్నా, అడుగంటినా, కటోరాలో మాత్రం మట్టం ఎప్పుడూ ఒకటే. తగ్గితే బుడ్డి దిగుతుంది, సూది తెరుచుకుంటుంది. నిండితే బుడ్డి లేస్తుంది, సూది మూస్తుంది. మనిషి చూడాల్సిన పని లేదు. ఈ ఏర్పాటు నేను ఎక్కడో చదివాను. ఎక్కడ?

బగ్దాద్‌లో. ఖలీఫా మామూన్ కాలంలో బైతుల్ హిక్మాలో పనిచేసిన ముగ్గురు అన్నదమ్ములున్నారు. మూసా ఇబ్న్ షాకిర్ కొడుకులు మహమ్మద్, అహ్మద్, హసన్. బనూ మూసా అంటారు. వాళ్ల తండ్రి వయసులో ఉన్నప్పుడు దారిదోపిడీ చేసేవాడని, తర్వాత నజూమీ అయ్యాడని రివాయత్. ఆ అన్నదమ్ములు దాదాపు 850 ప్రాంతంలో కితాబుల్ హియల్ రాశారు. అంటే ఉపాయాల పుస్తకం. వంద దాకా యంత్రాలున్నాయి అందులో. తనంతట తానే వత్తి ఎగదోసుకునే దీపం, రూపం మార్చుకునే ఫౌంటెన్లు, తమాషా గిన్నెలు. వాటిలో పదేపదే కనపడేది తేలే బుడ్డి, దానికి తగిలించిన శంఖువు ఆకారం మూత. మట్టం పడిపోతే తెరుచుకుని, చేరుకోగానే మూసుకునేది. 1206లో దియార్‌బకర్‌లో అల్ జజరీ పూర్తిచేసిన కితాబ్‌లోని పెద్ద నీటి గడియారంలో కూడా ఇదే. నీళ్లు ఒకే వేగంతో కారాలంటే చిన్న తొట్టిలో మట్టం ఒకేలా ఉండాలి. బుడ్డి, సూది, కటోరా.

రాత్రి ఇది అమ్మీకి చెప్పినప్పుడు నా గొంతులో ఫఖ్ర్ వినిపించి ఉంటుంది. మన మహఫిళ్లలో ఇలాంటివి ఎలా చెబుతామో మీకు తెలుసు. దునియాలో ఉన్నదంతా మనవాళ్లే కనిపెట్టారు, ఫిరంగీలు చోరీ చేశారు. నేనూ అలా ఒక వ్యాసం రాసేసి ఉండేవాణ్ణి. కానీ తెలుగు డిగ్రీలో ఒక మాస్టారు నేర్పిన అలవాటు ఒకటుంది, సిల్సిలా చూపించకుండా వంశవృక్షం గీయకూడదని. చూస్తే సిల్సిలా తెగి ఉంది. బనూ మూసా కన్నా వెయ్యేళ్ల ముందే అలెగ్జాండ్రియాలో టెసీబియస్ అనే యూనానీ నీటి గడియారాల్లో ఈ ఉపాయం వాడాడు. యూనానీ కితాబులు అరబ్బీలోకి తెచ్చుకుని, చదివి, వాటికన్నా నాజూకుగా పనిచేసేలా పెంచింది బగ్దాద్ వాళ్లు. మేబాక్‌కు ఆ కితాబ్ తెలిసిన జాడ లేదు. జర్మన్ పండితులు దాని మీద రాసింది 20వ శతాబ్దంలో, డొనాల్డ్ హిల్ ఇంగ్లీష్ తర్జుమా వచ్చింది 1979లో. అప్పటికి మేబాక్ కార్బురేటర్‌కు ఎనభై ఏళ్లు దాటాయి. ఒకే అవసరం వచ్చిన చోట ఒకే ఉపాయం మళ్లీ పుట్టింది. బనూ మూసా గొప్పతనానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. చోరీ కేసు మాత్రం నిలవదు.

మూడో శుక్రవారం ఈ మాటే ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "బగ్దాద్ వాళ్లు కితాబ్ రాసుకున్నారు, మంచిదే. నేను ఏం రాశాను?" అన్నాడు.

జవాబు నా దగ్గర లేదు. ఆయన పదేళ్ల వయసులో బడి మానేసి గ్యారేజ్‌లో పానాలు అందించడానికి చేరాడు. నేను చదివిన ఉర్దూ బళ్లో నా పక్క బెంచీ వాళ్లు సగం మంది ఏడో తరగతి లోపే అలాగే వెళ్లిపోయారు. గ్యారేజ్, టైర్ల దుకాణం, రేడియేటర్ అతుకుల పని. సచార్ కమిటీ 2006లో చెప్పిన విషయం ఇదే కదా. ముసల్మాన్లలో సొంత పని చేసుకునేవాళ్లు ఎక్కువ, మోటారు బండ్ల రిపేరు లాంటి పనుల్లో వాళ్ల వాటా ఎక్కువ అని. సంఖ్యలు కాగితాలకెక్కాయి. ఆ చేతులకు తెలిసిన ఇల్మ్ మాత్రం ఎక్కడా ఎక్కలేదు. కొత్త కార్లు కొనాలంటే ఏళ్ల తరబడి బుకింగ్‌లో నిలబడాల్సిన ఆ లైసెన్స్ జమానాలో, ఒక్క పద్మిని, ఒక్క అంబాసిడర్ ముప్పై ఏళ్లు నడిచాయంటే ఎవరి వల్ల? వాటి తయారీ గురించి రాసిన పుస్తకాల్లో వాల్‌చంద్ పేరుంటుంది, మంత్రుల పేర్లుంటాయి. వేడినీళ్లలో బుడ్డి ముంచి చూసిన మనిషి ఉండడు. దానికి బయటివాళ్లను మాత్రమే అని లాభం లేదు. బనూ మూసా పేరు చెబితే మనకు ఛాతీ ఉబ్బుతుంది. పెళ్లి సంబంధంలో అబ్బాయి మెకానిక్ అని చెబితే మనింట్లోనే మొహాలు మారతాయి. ఆ బనూ మూసా చేసింది కూడా ఇత్తడి, సూది, నూనె మరకల పనే.

ఇంకో కష్టం ఉంది, ఇది ఇప్పటిది. పెట్రోల్ మారింది. 2023 నుంచి విడతలుగా వచ్చి ఇప్పుడు అన్ని బంకుల్లో ఇరవై శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలే. ఎథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది. బండి వారాల పాటు ఆగి ఉంటే ఆ నీరు కటోరా అడుగున చేరి తెల్లటి పొడిలాగా లోహాన్ని తింటుంది. పాత రబ్బరు డయాఫ్రమ్ ఉబ్బి మెత్తబడుతుంది. మా డూప్లికేట్ చచ్చిన కారణాల్లో ఇదొకటి. అందుకే కొత్త కిట్ కొనేటప్పుడు ధర చూడకుండా ఎథనాల్ తట్టుకునే రబ్బరు డయాఫ్రమ్, ఆ రకం కొన ఉన్న సూది అడిగి తెచ్చాం. లెక్క కూడా మారుతుంది. శుద్ధ పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి అయితే, ఎథనాల్‌కు 9 చాలు. ఇరవై శాతం మిశ్రమానికి 13.6 దగ్గర. అంటే అదే గాలికి ఎనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే సరి. 120 జెట్ ఉన్నచోట 125. నేను ఈ లెక్క చెప్పేలోపే ఉస్తాద్ డబ్బాలోంచి ఒక సైజు పెద్ద జెట్ తీసి పక్కన పెట్టి ఉన్నాడు. పోయినేడాది నుంచి పాత బండ్ల ప్లగ్గులన్నీ తెల్లగా వస్తున్నాయట. తెల్ల ప్లగ్గు అంటే పెట్రోల్ చాలడం లేదని. నేను కాగితంతో చేరిన చోటికి ఆయన ప్లగ్గు రంగుతో చేరాడు.

నాలుగో శుక్రవారం బిగించాం. ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, గాలి-పెట్రోల్ స్క్రూను ఇంజన్ తడబడేదాకా లోపలికి, మళ్లీ సాఫీగా పలికేదాకా బయటికి. ఉస్తాద్ తన వణికే చేతిని నా చేతి మీద పెట్టి పావు చుట్టు, పావు చుట్టు తిప్పించాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "బస్." మొదటి రోజు కొంచెం పెట్రోల్ వాసన మిగిలింది. టంకం పెట్టిన బుడ్డి ఒక రవ్వ బరువెక్కింది కాబట్టి మట్టం ఎక్కువైంది. మూత విప్పి సూది కింద సన్నది తీసి మందం వాషర్ పెట్టాం. వాసన పోయింది. వారం తర్వాత ప్లగ్గులు లేత గోధుమ రంగులో వచ్చాయి. డోన్ దాకా వెళ్లొస్తే లీటరుకు పదమూడు చిల్లర ఇచ్చింది. పొద్దున చోక్ వదిలినా ఇప్పుడు ఆగడం లేదు.

ఈ హునర్ ఎన్నాళ్లుంటుంది అంటే, ఎక్కువ రోజులు కాదు. 2000లో దేశమంతా పొగ నిబంధనలు బిగిశాక కార్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక మోటార్‌సైకిళ్లలో కూడా పోయింది. 2023 అక్టోబర్ చివర్లో బొంబాయి రోడ్ల మీద పద్మిని టాక్సీల గడువు తీరిపోయింది. అది జరగాల్సిందే. పిల్లలు పీల్చే గాలి కన్నా మన యాదులు ఎక్కువ కాదు. మా ఉస్తాద్ షాగిర్ద్ స్కానర్ కొన్నాడు, ఇంజెక్షన్ బండ్లు చూస్తున్నాడు, కమాయీ బాగుంది. సంతోషం.

నాకు మిగిలిన ఫికర్ ఒక్కటే. బనూ మూసా సంగతి మనకెలా తెలిసింది? వాళ్ల యంత్రాలు ఒక్కటీ మిగలలేదు. రాసి, బొమ్మలు గీసి పెట్టారు కాబట్టి తెలిసింది. మా ఉస్తాద్‌కు తెలిసింది రాయబడలేదు. నాలుగు శుక్రవారాలు నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఏ వాషర్ మందం ఎంత, ఏ బండికి ఏ జెట్, ఏ శబ్దానికి ఏ జబ్బు. నలభై పేజీలయ్యాయి. ఆయన చెప్పే దఖ్నీలోనే రాసి, పక్కన తెలుగులో అర్థం రాస్తున్నాను. అయిదో శుక్రవారం నుంచి డైనమో గురించి మొదలుపెడదామన్నాడు. వెళ్తున్నాను.

మీ ఊళ్లో కూడా ఇలాంటి ఉస్తాద్ ఉంటాడు. కుట్టుమిషన్ వాడు, గడియారాల వాడు, కలాయీ వాడు. ఈ జుమాకు నమాజ్ అయ్యాక ఒక నోట్‌బుక్ పట్టుకుని ఆయన దగ్గర కూర్చోండి. చాయ్ మీరే తెప్పించండి.

ఖుదా హాఫిజ్.